రాజుగారి కప్పు, రాగిపిండి కొలత



మన తమక హాల్లో పెట్టబోయే అద్దాల బీరువాకు మా ఇంటి నుంచి పింగాణీ కప్పు ఒకటి ఇస్తామని మాట ఇచ్చాము. ఫోటో కూడా పంపాము. దాని కింద పెట్టే చీటీ కోసం కమిటీ వాళ్ళు ఒక వాక్యం రాసి పంపించారు: "1937లో ఇంగ్లీషు దొరసాని తన ఇంటి ఆయాకు ప్రేమతో ఇచ్చిన పట్టాభిషేక కానుక." ఈ వాక్యంలో సంవత్సరం సరిగ్గా ఉంది. మిగతాది గురించే ఈ పొడుగు రాత. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. లేనివాళ్ళు ఆదివారం హాల్లో కనబడితే అడగండి, నోటితో చెప్తాము.

మాది తమిళ మీడియం చదువని మీకందరికీ తెలుసు. గనుల ఊర్లో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజార్లో కన్నడ. తెలుగు అక్షరాలు మేము నేర్చింది ఉద్యోగంలో చేరాక, బిసానత్తం, గుడుపల్లి, కుప్పం స్టేషన్ల బోర్డులు చూసి. కాబట్టి వత్తులు పొరపాటు ఉంటే దిద్దుకుని చదవండి. ఇంకోటి, మా రాతల్లో ఎప్పుడూ "మేము" అనే ఉంటుందని కొందరు నవ్వుతారు. ఈ ఇంట్లో ఏది రాసినా ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాకే రాస్తాము. అందుకని మేము.

ముందు కప్పు సంగతి. జానెడు లోపు ఎత్తు, ఒక పిడి, తెల్లది, ఇప్పుడు కొంచెం పసుపు తిరిగింది. ముందువైపు గోధుమరంగు అచ్చులో ఆరవ జార్జి రాజు, పక్కన రాణి ఎలిజబెత్. మనం టీవీలో చూసిన ముసలి రాణి కాదు, ఆమె తల్లి. పైన కిరీటం, అటూ ఇటూ జెండాలు, కింద 1937 మే 12 అని తేదీ. అంచుకు బంగారు గీత ఉండేది, ఇప్పుడు పిడి దగ్గర మాత్రం మిగిలింది. రాణి వైపు అంచులో గోరంత పెచ్చు ఊడింది. ఆ పెచ్చును గుర్తు పెట్టుకోండి, దానితో పని ఉంది.

ఇలాంటివి మీలో ఇంకా కొందరి ఇళ్ళల్లో ఉంటాయి. ఊరగాయ పోసో, పెన్సిళ్ళు వేసో, ఏ అటక మీదో. తీసి తేదీ చూడండి. 1902 అని ఉంటే ఏడవ ఎడ్వర్డు, 1911 అయితే ఐదవ జార్జి పట్టాభిషేకం, 1935 అయితే అదే జార్జి ఇరవై ఐదేళ్ళ ఉత్సవం, 1953 అయితే మనం చూసిన రాణి. 1902ది దొరికితే జూన్ 26 అని ఉందా చూడండి. ఆ రోజు పట్టాభిషేకం జరగనే లేదు. రెండు రోజుల ముందు రాజుకు కడుపులో అపెండిక్స్ చెడి ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. కిరీటం పెట్టింది ఆగస్టు 9న. కానీ కప్పులు అప్పటికే బట్టీ నుంచి దిగి ఊరూరా చేరిపోయాయి. అచ్చేసిన కాగితాన్ని దిద్దవచ్చు, కాల్చిన పింగాణీ మీద తేదీ దిద్దడం ఎవరి తరం? రైలు రద్దయినా టికెట్టు మీద తేదీ అట్లాగే ఉంటుంది కదా, అట్లా. ఆ 1902లోనే శివనసముద్రం నుంచి మన గనులకు కరెంటు వచ్చింది. మనవాళ్ళకు ఆ ఏడాది గుర్తుండాల్సింది అందుకు.

1937 కప్పులోనూ ఒక తమాషా ఉంది. ఆ మే 12వ తేదీ మొదట నిర్ణయించింది ఈ జార్జికి కాదు, అతని అన్న ఎనిమిదవ ఎడ్వర్డుకు. ఆయన సింప్సన్ అనే అమెరికా ఆవిడను పెళ్ళి చేసుకోవాలని 1936 డిసెంబరులో గద్దె వదిలేశాడు. ముహూర్తం మార్చకుండా అదే తేదీకి తమ్ముడికి కిరీటం పెట్టారు. అన్న ముఖంతో కప్పులు ముందే తయారై అంగళ్ళకు వచ్చేశాయి. లారా నైట్ అనే పేరున్న చిత్రకారిణి అన్న కోసం గీసిన నమూనానే కొంచెం మార్చి తమ్ముడికి కూడా వాడుకున్నారు. పెళ్ళికొడుకు మారినా పందిరి మారలేదన్నమాట. పట్టాభిషేకం జరగని రాజు కప్పు కాబట్టి చాలా అరుదని, లక్షలు వస్తాయని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. అప్పటికే బోలెడు చేశారు, జనం కూడా ఇదే ఆశతో కొని దాచుకున్నారు. అందరూ దాచుకున్న వస్తువు అరుదెట్లా అవుతుంది? బెంగళూరు నుంచి పాత సామాన్ల వ్యాపారి ఒకాయన మా కప్పు చూసి, పెచ్చు మీద వేలు పెట్టి, ఎనిమిది వందలన్నాడు. ఇవ్వలేదు. ధర తక్కువని కాదు.

బొమ్మ ఎట్లా వేస్తారో కూడా చెప్పుకుందాం, ఏమంటే ఇది చేత్తో గీసిందని కమిటీలో ఒకరు అనుకున్నారు. రాగి పలక మీద బొమ్మ చెక్కుతారు. దానికి రంగు పూసి పల్చటి కాగితం మీద అచ్చు తీస్తారు. కాగితం తడి ఆరకముందే కప్పుకు అంటించి గట్టిగా రుద్ది, తర్వాత కాగితాన్ని కడిగేస్తారు. బొమ్మ కప్పు మీద నిలుస్తుంది. 1750ల్లో ఇంగ్లండులోని లివర్‌పూల్లో ఈ పని బాగా సాగింది, తర్వాత స్టాఫర్డ్‌షైర్ అనే కుండల సీమలో ఊళ్ళకు ఊళ్ళే దీని మీద బతికాయి. అంతకుముందు ఒక్కొక్క పళ్ళెం మీద రాజు ముఖం చేత్తో గీయాలి. అచ్చు వచ్చాక ఒక్క పలకతో వందల ముఖాలు. పేదవాడి గూట్లోకి కూడా రాజు ముఖం వచ్చింది అప్పటి నుంచే. 1902లో లండన్లో ఐదు లక్షల మంది బీదలకు రాజు పేరుతో విందు పెట్టి, డౌల్టన్ కంపెనీ చేసిన కప్పులు పంచారు. అన్నం ఆ పూటకే అయిపోయింది. కప్పు ఇంట్లో ఉండి రోజూ రాజును గుర్తుచేస్తుంది. పంచినవాడి తెలివి అక్కడుంది.

ఇది మనకు తెలియని తెలివి కాదు. మన స్టీలు గిన్నెల మీద చుక్కల అక్షరాలతో పేరు, తేదీ కొట్టించి పెళ్ళిలో ఇస్తాము కదా. నలభై ఏళ్ళ తర్వాత గిన్నె తోముతూ "ఇది మేనత్త ఇచ్చింది" అంటాము. ఆంబూరు, వాణియంబాడి వైపు మన బంధువుల ఇళ్ళల్లో చూడండి, 2011 నుంచి తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన మిక్సీ, గ్రైండరు, ఫ్యాన్ల మీద ముఖ్యమంత్రి జయలలిత బొమ్మ ఉండేది. ఎన్నికలు దగ్గరకొస్తే మన వైపు గోడ గడియారాల మీద వచ్చే ముఖాల సంగతి మీకు మేము చెప్పక్కర్లేదు. ముఖం పోయినా గడియారం నడిస్తే ఉంచుకుంటాము, అంతే.

ముఖాన్ని ఇంటి సామాను మీద వెయ్యడం పాలించేవాళ్ళు మాత్రమే చేసిన పని కూడా కాదు. 1820లో ఇంగ్లండు రాజు నాలుగవ జార్జి తన భార్య కేరొలిన్‌ను రాణిగా ఒప్పుకోకుండా వదిలించుకోవాలని చూస్తే, జనం ఆమె పక్షాన నిలబడి ఆమె బొమ్మ ఉన్న కప్పులు, జగ్గులు కొన్నారు. అంతకుముందు 1787లో జొసయా వెడ్జ్‌వుడ్ అనే పెద్ద కుండల వ్యాపారి, సంకెళ్ళతో మోకాళ్ళ మీద ఉన్న నల్లవాడి బొమ్మతో చిన్న బిళ్ళలు చేయించి బానిస వ్యాపారం మానాలని పంచిపెట్టాడు. ఆడవాళ్ళు వాటిని కంకణాల్లో, తలపిన్నుల్లో పొదిగించుకున్నారు. 1820ల్లో చక్కెర గిన్నెలు కూడా వచ్చాయి, వాటి మీద "ఇది ఈస్ట్ ఇండియా చక్కెర, బానిసలు చేసింది కాదు" అనే అర్థం వచ్చే రాత ఉండేది. ఈస్ట్ ఇండియాలో, అంటే మన దేశంలో, చెరకు నరికే కూలీ బతుకు ఎట్లా ఉండేదో గిన్నె మీద చోటు చాలలేదు కాబోలు.

మాకు అన్నిటికంటే నచ్చిన సంగతి రష్యాది. 1917 విప్లవం తర్వాత పెట్రోగ్రాడ్లో జార్ చక్రవర్తి పింగాణీ కార్ఖానా కొత్త ప్రభుత్వం చేతికి వచ్చింది. గోదాంలో బొమ్మ వెయ్యని తెల్ల పళ్ళేలు గుట్టలుగా ఉన్నాయి, అడుగున జార్ ముద్రతో. వాటి మీదనే సుత్తి, కొడవలి, లెనిన్ ముఖం గీసి విప్లవ నినాదాలు రాశారు. కొన్నిటికి అడుగున జార్ ముద్ర మీద రంగు పూసి మూసేశారు, పక్కనే కొత్త ముద్ర కొట్టారు. పళ్ళెం పైన ఒక రాజ్యం, కింద ఒక రాజ్యం. తిరగేసి చూస్తే గానీ తెలియదు.

ఇప్పుడు మన ఊరికి వస్తాము.

1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ గనులు నడిపింది. దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానం, చర్చీలు. చిన్న ఇంగ్లండు అని పిలిచేవాళ్ళు. ఊరి పేర్లే చూడండి, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఇంకొంచెం ఇవతల బౌరింగ్‌పేట, అదే మన బంగారపేట. అన్నీ తెల్ల అధికారుల పేర్లే. అంటే మన బోర్డులు కూడా ఒక రకంగా కప్పులే. బంగళాల కింద, లైన్లలో, చిత్తూరు నుంచి, ఉత్తర ఆర్కాడు నుంచి వచ్చిన మనవాళ్ళు, తమిళులు ఒక్కొక్క గదిలో ఎనిమిది మంది. గనిలోకి దిగే తాతలు ఎనామెల్ కప్పుల్లో టీ తాగేవాళ్ళు. పింగాణీ మన ఇళ్ళల్లోకి కొన్నది కాదు, వచ్చింది. ఎట్లా వచ్చింది అన్నదే మన చీటీ సమస్య.

మా అవ్వ ఒక గని అధికారి బంగళాలో ఆయా. ఏ గనో, ఏ దొరో రాయము, వాళ్ళ మనుమలు ఎక్కడున్నారో, చెప్పుకోలేని వాళ్ళ గురించి పేరు పెట్టి చెప్పడం పద్ధతి కాదు. అవ్వ అక్కడ ఇద్దరు పిల్లల్ని పెంచింది. రెండో పిల్లాడు ఆమె ఒళ్ళో తప్ప నిద్రపోయేవాడు కాదట. తెలుగులో జోల పాడితేనే పడుకునేవాడట. అన్నం కలిపి ముద్ద ఆమె చేత్తోనే వాడి నోట్లో పెట్టేది.

ఆ బంగళా వెనక వరండాలో దూలానికి మూడు కొక్కేలు ఉండేవి. ఒకటి బట్లరుది, ఒకటి తోటమాలిది, ఒకటి మా అవ్వది. ఒక్కొక్క కొక్కేనికి ఒక్కొక్క కప్పు. దొరల టీ అయ్యాక అదే ఆకుతో రెండోసారి కాచిన టీ ఆ కప్పుల్లో పోసేవాళ్ళు. తాగి, బయట కొళాయి దగ్గర ఎవరిది వాళ్ళే కడిగి, మళ్ళీ కొక్కేనికి తగిలించాలి. ఆ కప్పు వంటింట్లోకి పోకూడదు, వంటింటి కప్పు ఇక్కడికి రాకూడదు. దొరసాని అరిచేది కాదు, కొట్టేది కాదు, జ్వరం వస్తే మందు ఇచ్చేది, అవ్వ ఆమె గురించి చెడ్డగా ఎప్పుడూ చెప్పలేదు. కప్పు మాత్రం వేరే.

రాజు కప్పు ఆ కొక్కేనికి ఎట్లా వచ్చింది? మొదట అది బల్ల మీదే ఉండేది, 1937 పట్టాభిషేకానికి తెప్పించుకున్నది. పెచ్చు ఊడిన కప్పును దొరలు బల్ల మీద పెట్టరు. పెచ్చు ఊడిన రోజు రాజు, రాణి ఇద్దరూ వెనక వరండాకు దిగి వచ్చారు. అందుకే పెచ్చును గుర్తు పెట్టుకోమన్నాము. 1947 వచ్చింది, 1950 వచ్చింది, నాణేల మీద నుంచి ఆ రాజు ముఖం పోయి సింహాలు వచ్చాయి. వరండా కొక్కేనికి మాత్రం ఆయన అట్లాగే వేలాడుతూ ఉన్నాడు.

1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని తీసుకుంది. ఆ తర్వాత దొరలు ఒక్కొక్కరే సర్దుకున్నారు. బంగళాల్లో బల్లలు, పియానోలు, దీపాలు అమ్ముకున్నారు. అవ్వ దొరసాని పోయేముందు అవ్వకు ఒక ఉన్ని శాలువా, నూరు రూపాయలు ఇచ్చింది. అవి కానుకలు, అవ్వ కూడా అట్లాగే చెప్పేది. కప్పు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఇల్లు ఖాళీ అయిన రోజు అవ్వ కొక్కెం మీద నుంచి తీసుకుని కొంగులో చుట్టుకుని వచ్చింది. "ఇచ్చిందా అవ్వా?" అని అడిగితే, "నా కప్పు నేను తెచ్చుకున్నాను, ఇచ్చేదేముంది?" అనేది.

అయ్యా, ఇదీ మా అభ్యంతరం. "ప్రేమతో ఇచ్చిన కానుక" అని రాస్తే అవ్వ మాట పోతుంది.

ఇంటికి తెచ్చాక అవ్వ ఒక్క రోజు కూడా ఆ కప్పులో టీ తాగలేదు. ఇత్తడి గ్లాసులో తాగేది. కప్పును రాగిపిండి డబ్బాలో వేసింది, కొలతకు. రాజు ముక్కు దాకా పిండి పోస్తే ఇద్దరికి సంగటి. కిరీటం దాకా పోస్తే ముగ్గురికి. లైన్లో పక్కింటివాళ్ళు బదులుకు వస్తే "రెండు రాజులు తీసుకుపో" అనేది, వాళ్ళు కూడా రెండు రాజులే తిరిగి ఇచ్చేవాళ్ళు. మా తమిళ పక్కింటామె "అరై రాజా పోదుం" అనేది, అర రాజు చాలు అని. బ్రిటిషు రాజ్యాన్ని అంత సులువుగా సగం చేసినవాళ్ళు మా లైన్లో ఆడవాళ్ళే. ఆ కప్పుతో పెరిగిన మాకు రాజు అంటే చాలా రోజులు పిండి కొలతే. బడిలో చరిత్ర పుస్తకంలో ఆరవ జార్జి బొమ్మ చూసినప్పుడు ముక్కు దాకా గీత ఎక్కడా అని చూశాము.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. దొరసాని వేరే కప్పు పెట్టింది, అవ్వ దాన్ని పిండి కొలత చేసింది, చప్పట్లు. కానీ సగమే చెప్పినట్టు అవుతుంది.

మా ఇంటి వెనక గోడలో ఒక చిన్న గూడు ఉండేది, బయటి వైపు. అందులో సొట్టలు పడిన అల్యూమినియం గ్లాసు. లైన్ల పాయిఖానాలు కడగడానికి వచ్చే ఆమె వారానికి రెండుసార్లు మా గుమ్మం వెనక ఆగేది. గూట్లో నుంచి గ్లాసు తీసి తనే కింద పెట్టేది. మా అవ్వ పైనుంచి, గ్లాసుకు చెంబు తగలకుండా, కాఫీ పోసేది. తాగి, కడిగి, మళ్ళీ గూట్లో. పిల్లలం అది రోజూ చూశాము. పండగలకు అవ్వ ఆమెకు చీర ఇచ్చేది, జబ్బు చేస్తే కషాయం ఇచ్చేది. గ్లాసు మాత్రం వేరే. మూడు కొక్కేలున్న వరండా నుంచి వచ్చిన మనిషే ఆ గూడు కూడా పెట్టించింది.

మన జిల్లాల్లో టీ అంగళ్ళ సంగతి మీకు తెలుసు. బయట దడికి కొబ్బరి చిప్పలు, వేరే గ్లాసులు. 1950 రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనం రద్దు చేసింది, 1955లో శిక్షకు చట్టం వచ్చింది. అయినా ఆ గ్లాసులు ఎన్నేళ్ళు వేలాడాయో మనమే చూశాము. రైల్వేలో మా పెద్దలు చెప్పేవాళ్ళు, బ్రిటిషు రోజుల్లో ప్లాట్‌ఫారం మీద హిందువులకు ఒక కుండ నీళ్ళు, ముస్లింలకు ఒక కుండ నీళ్ళు అని. ఉత్తరాన స్టేషన్లలో మట్టి ముంతలో టీ తాగి పట్టాల మీద పగలగొడతారు, అది శుభ్రం అంటాము, 2004లో రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ వాటిని మళ్ళీ తెచ్చారు. శుభ్రం నిజమే. ఒకరు తాగింది ఇంకొకరు తాగకుండా ఉండటానికి పగలగొట్టడం కూడా నిజమే. పింగాణీ పగలగొట్టే ధర కాదు, అందుకని కొక్కెం కావాల్సి వచ్చింది.

అవ్వ పోయింది 1974లో. పదహారో రోజు కూడా కాలేదు, మా అమ్మ గూట్లో గ్లాసు తీసి పాత సామాన్లవాడికి వేసేసింది. మా నాయనను అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆమె వచ్చి గూట్లో చెయ్యి పెట్టి చూసింది, గ్లాసు లేదు. అమ్మ మా ఇంటి స్టీలు గ్లాసులో కాఫీ పోసి చేతికి ఇచ్చింది. ఆమె తీసుకోలేదు. చాలాసేపు నిలబడింది. అమ్మ "చల్లారిపోతుంది, తాగు" అని మాత్రం అనింది.

పోయిన వారం మన పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు. "ఏమప్పా, మంచి కప్పు, మంచిగా నాలుగు ముక్కలు రాస్తే పోతుంది కదా. పిల్లలు చూసే చోట ఆ పాత కసువంతా ఎందుకు ఎత్తిపోసేది? నీ అవ్వ పేరు కూడా చెడిపోతుంది" అన్నారు. వారి మీద మాకు గౌరవం ఉంది, సంఘానికి స్థలం వచ్చిందే వారి తిరుగుడు వల్ల. "అన్నా, అవ్వ పేరు చెడదు. ఆమె ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషి. కానుక అంటే ఆమే ఒప్పుకునేది కాదు" అన్నాము. "సరే కప్పు సంగతి రాయి, గ్లాసు సంగతి ఎందుకు?" అన్నారు. అదే కష్టమైన ప్రశ్న. మేమిద్దరం రెండు రాత్రులు దాని మీదే మాట్లాడుకున్నాము. ఇంగ్లీషువాళ్ళ కొక్కెం రాసి మన గూడు రాయకపోతే, అడుగున ముద్ర మీద రంగు పూసిన పళ్ళెం లాగా ఉంటుంది చీటీ.

గ్లాసు ఆమెది కాబట్టి ఆమె వైపు వాళ్ళను అడగకుండా రాయకూడదని మా ఇంటావిడ అనింది. ఆమె కూతురు బంగారపేటలో ఉంది, మున్సిపాలిటీలో పనిచేసి రిటైర్ అయింది. పోయి కలిశాము. ఆ అమ్మ మాకు టీ ఇచ్చింది, గాజు గ్లాసుల్లో. విషయం చెప్పాము. స్టీలు గ్లాసు కాఫీ గురించి వాళ్ళమ్మ ఇంట్లో ఎప్పుడైనా చెప్పిందా అని ఆశగా అడిగాము. "లేదన్నా. అల్యూమినియం గ్లాసు గురించి చెప్పింది, చాలాసార్లు చెప్పింది" అనింది. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత "పేరు వద్దు. గ్లాసు సంగతి రాయండి" అనింది.

అందుకని చీటీ ఇట్లా ఉండాలని మా కోరిక:

"ఆరవ జార్జి రాజు పట్టాభిషేకం కప్పు, 1937, ఇంగ్లండులో తయారు. అంచు పెచ్చు ఊడాక ఒక బంగళాలో పనివాళ్ళకు వేరుగా పెట్టిన కప్పు. ఆయా తన కప్పు తను ఇంటికి తెచ్చుకుని రాగిపిండి కొలతగా వాడింది. ఆమె ఇంటి వెనక గూట్లో పాయిఖానా కడిగే ఆమె కోసం వేరే అల్యూమినియం గ్లాసు ఉండేది. ఆ గ్లాసు ఇప్పుడు లేదు."

ఐదు వాక్యాలు. కమిటీ చెప్పిన కొలతకు ఒకటి ఎక్కువ, సర్దుకోండి. తెలుగులో, కన్నడలో, తమిళంలో రాసిస్తాము, తమిళం మటుకు తప్పుల్లేకుండా ఉంటుందని హామీ. ఈ చీటీ పెట్టడానికి కమిటీకి కష్టంగా ఉంటే కోపం లేదు, కప్పు మా పిండి డబ్బాలోనే ఉంటుంది, ఇప్పటికీ వారానికి మూడు రోజులు సంగటే మా ఇంట్లో.

ఇంకొక మాట, బీరువాలో రాజులు ఎక్కువైపోతారని ఒకరు రాశారు, న్యాయమే. 1902లో అక్కడ లండన్లో ఎడ్వర్డుకు కిరీటం పెట్టిన ఏడాదే ఇక్కడ మన క్యాసంబళ్ళిలో చెంగలరాయ రెడ్డి పుట్టారు, మన తెలుగు ఇంటి బిడ్డ, 1947లో మైసూరుకు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ముఖం ఉన్న కప్పు గానీ పళ్ళెం గానీ మేము ఇంతవరకు చూడలేదు. మీ ఎవరి ఇంట్లోనైనా ఆయన బొమ్మ ఉన్న పాత క్యాలెండరో, కరపత్రమో ఉంటే తెండి. కప్పులు ఉన్నవాళ్ళు కడగకుండా తెండి, బ్లీచింగు పౌడరు వేస్తే బంగారు గీత పోతుంది. గుడ్డలో చుట్టి, పిడి పట్టుకోకుండా అడుగు పట్టుకుని తేవాలి, పాత పింగాణీ పిడి దగ్గరే విరుగుతుంది. పార్సిల్ ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళు పగిలిన పెట్టెలకు రిపోర్టులు రాసిన అనుభవంతో చెప్తున్నాము. ఆదివారం పది గంటలకు హాలు తాళం తీసి ఉంటుంది.